దోషి దొరకని పేలుళ్లు: మక్కా మసీదు, మాలేగావ్ కేసులపై పాఠకుల ప్రశ్నలు

2008 నాటి మాలేగావ్ పేలుడు కేసులో విచారణను ఎదుర్కొన్న ఏడుగురినీ ముంబయిలోని ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం 2025 జూలై 31న నిర్దోషులుగా ప్రకటించిన తర్వాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ తీర్పు గురించీ, హిందూ జాతీయవాద సంస్థలతో సంబంధం ఉన్నవారి మీద ఆరోపణలు రావడం వల్ల దానితో కలిపి చెప్పుకునే హైదరాబాద్ మక్కా మసీదు, అజ్మీర్ దర్గా, సంఝౌతా రైలు పేలుళ్ల కేసుల గురించీ ఉన్నాయి. కొందరు కోపంతో రాశారు, కొందరు ఊరటతో రాశారు. పాతికేళ్లకు పైగా నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో వాదించిన అనుభవంతో, తీర్పుల్లో ఉన్నదానికి కట్టుబడి సమాధానం ఇచ్చే ప్రయత్నం చేస్తున్నాను. ఒకే రకమైన ప్రశ్నలను ఒకటిగా కలిపాను.

*ప్రశ్న: మాలేగావ్ కేసులో అందరూ నిర్దోషులని కోర్టు తేల్చింది కదా. అంటే పదిహేడేళ్లు నడిచిన కేసు మొత్తం కట్టుకథేనా? హిందువులను అప్రతిష్ఠపాలు చేయడానికే దీన్ని అల్లారని మా ఊళ్లో చాలామంది అంటున్నారు. ఇందులో నిజమెంత?*
(ఒక పాఠకుడు, కరీంనగర్)

ముందు జరిగిన సంఘటనను కళ్ల ముందు ఉంచుకుందాం. 2008 సెప్టెంబరు 29 రాత్రి, రంజాన్ మాసంలో, నాసిక్ జిల్లాలోని మరమగ్గాల పట్టణం మాలేగావ్‌లో, భిక్కూ చౌక్ దగ్గర పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు, దాదాపు వంద మంది గాయపడ్డారు. ఇది కట్టుకథ కాదు. పేలుడు జరిగిందన్నది రుజువైందని తీర్పే చెప్పింది. మృతుల కుటుంబాలకు 2 లక్షల రూపాయల చొప్పున, గాయపడినవారికి 50 వేల చొప్పున పరిహారం ఇవ్వాలని కూడా అదే న్యాయస్థానం ఆదేశించింది.

రుజువు కానిది ఆ పేలుడుకూ ముద్దాయిలకూ మధ్య ఉందని ప్రాసిక్యూషన్ చెప్పిన సంబంధం. మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం (ఏటీఎస్) కేసు అంతా ఒక ఎల్‌ఎంఎల్ ఫ్రీడమ్ మోటారు సైకిలు మీద నిలబడింది. బాంబు ఆ బండిలో పెట్టారనీ, ఆ బండి సాధ్వి ప్రజ్ఞా సింగ్ ఠాకూర్ పేరున ఉన్నదనీ ఆరోపణ. బండి ఎవరిదో తేల్చేది ఇంజిను మీద, ఛాసిస్ మీద కంపెనీ చెక్కిన అంకెలు. వాటిని ఆకురాయితో చెరిపేసినా, లోహం లోపల పడిన ఒత్తిడి చెరగదు కాబట్టి, ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఆ చోటును నున్నగా రుద్ది రసాయనం పూస్తే పాత అంకెలు నీడలాగా పైకి తేలతాయి. ఈ కేసులో అలా తేలిన అంకెలు పూర్తిగా లేవు. ఛాసిస్ నంబరు పూర్తిగా దొరకనప్పుడు బండి ఫలానావారిదని చెప్పలేమని న్యాయమూర్తి ఎ.కె. లాహోటీ నిర్ధారించారు. ఒకవేళ ఆమెదే అనుకున్నా, పేలుడుకు రెండేళ్ల ముందే ఆమె సన్యాసం తీసుకున్నారనీ, ఆ సమయంలో బండి ఆమె అధీనంలో ఉన్నదని చూపే సాక్ష్యం లేదనీ అన్నారు. అసలు బాంబు ఆ బండిలోనే ఉన్నదన్నది కూడా శాస్త్రీయంగా తేలలేదు. సంఘటనా స్థలాన్ని వెంటనే కంచె వేసి కాపాడకపోవడం, సరైన పటం గీయకపోవడం, ఆధారాలు కలుషితం కావడం వంటి లోపాలను తీర్పు ఎత్తి చూపింది. లెఫ్టినెంట్ కర్నల్ ప్రసాద్ పురోహిత్ కాశ్మీరు నుంచి ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థం తెచ్చారన్న ఆరోపణకు కూడా నిలబడే సాక్ష్యం దొరకలేదు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద ప్రాసిక్యూషన్‌కు ఇచ్చిన అనుమతి ఉత్తర్వులే లోపభూయిష్ఠమని తేలింది.

ఇక్కడ ఒక విషయాన్ని దాటవేయకూడదు. ఈ కేసును నడిపింది ఒక సంస్థ కాదు, రెండు. 2008 నుంచి ఏటీఎస్, 2011 నుంచి ఎన్‌ఐఏ. 2016 మే నెలలో ఎన్‌ఐఏ వేసిన అనుబంధ ఛార్జిషీటు ప్రజ్ఞా ఠాకూర్ మీద కేసు నిలవదని చెప్పింది, వ్యవస్థీకృత నేరాల మీద మహారాష్ట్ర చేసిన మకోకా చట్టాన్ని పక్కన పెట్టింది, ఒక ముద్దాయి ఇంట్లో దొరికిందన్న ఆర్‌డీఎక్స్‌ను ఏటీఎస్ వారే అక్కడ పెట్టి ఉండవచ్చనే అనుమానాన్ని కూడా రాసింది. అంతకు ముందు 2015లో ఈ కేసు ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ రోహిణీ సాలియాన్, ముద్దాయిల విషయంలో మెత్తగా వ్యవహరించమని ఎన్‌ఐఏ వైపు నుంచి తనకు సూచన వచ్చిందని బహిరంగంగా చెప్పారు. ఎన్‌ఐఏ దాన్ని ఖండించింది. ప్రభుత్వం తరఫున పనిచేసే రెండు సంస్థలు ఒకదాని దర్యాప్తును మరొకటి కాదంటుంటే, వాటి మధ్య నిలబడిన న్యాయమూర్తి దేన్ని నమ్మాలి? దీనికి తోడు, మేజిస్ట్రేటు ముందు కొందరు ఇచ్చిన వాంగ్మూలాల అసలు ప్రతులు కనిపించకుండా పోయిన సంగతి 2016లో బయటపడింది. ప్రాసిక్యూషన్ పిలిచిన 323 మంది సాక్షుల్లో 30 మందికి పైగా ఎదురు తిరిగారు.

కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం రెండు భాగాలుగా ఉంటుంది, రెండూ మీకు సమానంగా రుచించకపోవచ్చు. కేసు మొత్తం కట్టుకథ అని కోర్టు అనలేదు, ముద్దాయిలే చేశారని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని అన్నది. బలమైన అనుమానం ఉన్నా అది రుజువు స్థానాన్ని తీసుకోలేదని తీర్పులోనే ఉంది. అదే సమయంలో, విడుదలైనవారిని పట్టుకుని 'కోర్టు వదిలేసింది గానీ చేసింది వాళ్లే' అనే హక్కు మనలో ఎవరికీ లేదు. పురోహిత్ బెయిలు దొరికే వరకు దాదాపు తొమ్మిదేళ్లు జైలులో ఉన్నారు. రుజువు చేయలేని ఆరోపణతో ఒక మనిషి అన్నేళ్లు లోపల ఉండటం, ఆ మనిషి ఏ భావజాలం వాడైనా, మనల్ని బాధపెట్టవలసిన విషయమే.

*ప్రశ్న: మక్కా మసీదులో బాంబు పెట్టింది ఎవరన్నది ఇక ఎప్పటికీ తెలియదా? ఆ రోజుల్లో మా బస్తీ నుంచి పట్టుకుపోయిన పిల్లల సంగతి ఎవరూ రాయరు. దయచేసి రాయండి.*
(ఒక పాఠకురాలు, పాతబస్తీ, హైదరాబాద్)

అమ్మా, మీ ఉత్తరం చదివాక ఒకసారి మసీదుకు వెళ్లి వచ్చాను. చార్మినార్ వైపు నుంచి లోపలికి అడుగు పెడితే పావురాలు, ఆ తర్వాత విశాలమైన ఆవరణలో నీళ్ల హౌజు, దాని చుట్టూ వజూ చేసుకునేవారు, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునేవారు కూర్చునే రాతి బల్లలు. 2007 మే 18, శుక్రవారం, జుమా నమాజు వేళ ఆ హౌజు దగ్గరే బాంబు పేలింది. తొమ్మిది మంది అక్కడే ప్రాణాలు కోల్పోయారు, 50 మందికి పైగా గాయపడ్డారు. ఆ తర్వాత వీధుల్లో చెలరేగిన ఆగ్రహాన్ని అణచడానికి పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. ఆ కాల్పుల సంగతి చాలామంది మరచిపోయారు. మీరు మరచిపోలేదని మీ ఉత్తరం చెబుతోంది. పేలకుండా మిగిలిన బాంబులు కూడా ఆవరణలో దొరికాయి, వాటిని నిర్వీర్యం చేశారు. దర్యాప్తుకు అసలైన తాళంచెవి అవే కావలసింది.

కానీ నగర పోలీసుల చూపు మొదటి రోజు నుంచే ఒకవైపు తిరిగింది. ఇది సరిహద్దు అవతలి సంస్థల పని అనీ, వారికి స్థానిక యువకులు సహకరించారనీ వారు అనుకున్నారు. ఆ మే నెల పేలుడు తర్వాత, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో జరిగిన పేలుళ్ల తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. మసీదు పేలుడు కేసును 2007 జూన్‌లోనే సీబీఐకి అప్పగించారు గనుక, ఈ యువకుల మీద కుట్ర, నిషేధిత సీడీలు, సాహిత్యం వంటి వేరే కేసులు పెట్టారు. కస్టడీలో చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదుల మీద రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ ఎల్. రవిచందర్ జైలుకు వెళ్లి వారిని చూసి, ఒంటి మీద గాయాల గుర్తులను నమోదు చేస్తూ నివేదిక ఇచ్చారు. ఆ కేసులన్నీ తర్వాత కోర్టుల్లో వీగిపోయాయి.

సీబీఐ దర్యాప్తు ఆ తర్వాత పూర్తిగా వేరే దిక్కుకు మళ్లింది. పేలని బాంబుకు అమర్చిన మొబైల్ ఫోను, అందులోని సిమ్ కార్డు, అజ్మీర్ దర్గా పేలుడులో దొరికిన ఆధారాలతో కలిసి, తప్పుడు గుర్తింపు పత్రాలతో కొన్న సిమ్ కార్డుల గుంపు వైపు దారి చూపాయి. 2010లో దేవేందర్ గుప్తా, లోకేశ్ శర్మ, నవంబరులో హరిద్వార్‌లో స్వామి అసీమానంద్ అరెస్టయ్యారు. 2011లో కేసు ఎన్‌ఐఏకు వెళ్లింది. ఈ గుంపుకు నాయకుడని దర్యాప్తు సంస్థలు చెప్పిన సునీల్ జోషి అప్పటికే బతికి లేడు. 2007 డిసెంబరు 29న మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో ఆయనను ఎవరో కాల్చి చంపారు. ఆ హత్య కేసులోని ముద్దాయిలు కూడా 2017లో నిర్దోషులుగా విడుదలయ్యారు. సందీప్ డాంగే, రామచంద్ర కల్సంగ్రా అనే ఇద్దరు పరారీలో ఉన్నట్టు ఛార్జిషీట్లు చెబుతున్నాయి.

2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక న్యాయస్థానం విచారణకు నిలబడిన ఐదుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 226 మంది సాక్షులను విచారించగా 60 మందికి పైగా ఎదురు తిరిగారు. తీర్పు చెప్పిన న్యాయమూర్తి కె. రవీందర్ రెడ్డి కొన్ని గంటల్లోనే రాజీనామా లేఖ ఇచ్చారు. వ్యక్తిగత కారణాలని ఆయన చెప్పినప్పటికీ, ఆ రోజు కోర్టు వరండాల్లో నాలాంటి వాళ్లందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ రాజీనామాకూ తీర్పుకూ ముడిపెట్టే ఆధారం ఏదీ లేదు గనుక నేను ముడిపెట్టను. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తర్వాతి సంగతి. ఎన్‌ఐఏ ఈ తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు చేయలేదు. ఏళ్ల తరబడి దర్యాప్తు చేసి, ఛార్జిషీటు వేసి, వీరే నేరస్థులని వాదించిన సంస్థ, కింది కోర్టు కాదనగానే పై కోర్టును అడగకుండా ఎందుకు ఊరుకుందో బాధితులకు చెప్పవలసిన బాధ్యత దానిదే.

మీ మొదటి ప్రశ్నకు చట్టం ప్రకారం సమాధానం ఇది: పరారీలో ఉన్నవారి మీద కేసు మూసివేత కాలేదు, వారు దొరికితే విచారణ మళ్లీ మొదలవుతుంది. అంతకు మించి మీకు ధైర్యం చెప్పగలిగిన స్థితిలో నేను లేను. అయితే ఈ నగరంలోనే దర్యాప్తు నిలబడిన కేసు కూడా ఉంది. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లలో ఇదే ఎన్‌ఐఏ దర్యాప్తు చేయగా, 2016లో ఐదుగురికి ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష విధించింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. మన దగ్గర ఇలాంటి కేసును తేల్చే శక్తి లేదని అనుకోవడానికి వీలు లేదు.

*ప్రశ్న: నేను న్యాయశాస్త్ర విద్యార్థిని. అసీమానంద్ పోలీసుల ముందు కాక మేజిస్ట్రేటు ముందే నేరం ఒప్పుకున్నారు. అయినా అది ఎందుకు చెల్లలేదు?*
(ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

పోలీసు అధికారి ముందు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని మన సాక్ష్య చట్టాలు 1872 నుంచి చెబుతున్నాయి. దెబ్బల భయంతో మనిషి ఏదైనా ఒప్పుకుంటాడన్న ఎరుకతో పెట్టిన నిబంధన అది. అందుకే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 164వ సెక్షన్ మరో దారి ఇచ్చింది. ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 183వ సెక్షన్. ఆ గదిలో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. ముద్దాయిని తెచ్చిన పోలీసులను మేజిస్ట్రేటు బయటికి పంపేస్తారు. 'నువ్వు చెప్పి తీరాలని లేదు, చెబితే అది నీకే వ్యతిరేకంగా వాడవచ్చు' అని హెచ్చరిస్తారు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చి, ఆ సమయంలో పోలీసులకు కాక జైలుకు అప్పగిస్తారు. మళ్లీ తెచ్చాక, ఎవరైనా కొట్టారా, ఆశ పెట్టారా, భయపెట్టారా అని అడుగుతారు. ఆ ప్రశ్నలూ జవాబులూ కాగితం మీదికి ఎక్కాకే అసలు మాట మొదలవుతుంది.

అసీమానంద్ 2010 డిసెంబరులో ఢిల్లీలోని తీస్ హజారీ కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం ఇలాంటిదే. చంచల్‌గూడ జైలులో తనకు అన్నం, నీళ్లు తెచ్చి ఇచ్చి సేవ చేసిన ఒక ముస్లిం యువకుడు, చేయని నేరానికి ఈ పేలుడు పేరుతోనే జైలు అనుభవించాడని తెలిసి మనసు మారిందని అందులో ఉంది. చదివినవారిని కదిలించే మాటలే అవి. కానీ 2011లో ఆయన ఆ వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకున్నారు, ఒత్తిడి చేసి చెప్పించారని అన్నారు. వెనక్కి తీసుకున్న నేరాంగీకారం మీద శిక్ష వేయకూడదని చట్టంలో లేదు. అయితే అది స్వచ్ఛందమైనదని కోర్టుకు నమ్మకం కలగాలి, ముఖ్యమైన అంశాల్లో వేరే స్వతంత్ర సాక్ష్యం దానికి దన్నుగా నిలవాలి. మాట చెప్పినవాడు మాట మార్చినా, అతను కొన్న వస్తువు, ప్రయాణించిన రైలు, బస చేసిన గది, మాట్లాడిన ఫోను మాట మార్చవు. అలాంటి దన్ను లేదని నాంపల్లి కోర్టు అన్నది, ఆ వాంగ్మూలం స్వచ్ఛందమని నమ్మలేమని కూడా అన్నది.

మాలేగావ్ కేసులో ఇదే సమస్య మరో రూపంలో వచ్చింది. మకోకా చట్టం కింద ఎస్పీ స్థాయి పోలీసు అధికారి ముందు చెప్పిన నేరాంగీకారం చెల్లుతుంది. ఏటీఎస్ తన కేసులో గణనీయమైన భాగాన్ని అలాంటి వాంగ్మూలాల మీద కట్టింది. ఆ చట్టం ఈ కేసుకు వర్తించదని తేలిన రోజునే ఆ వాంగ్మూలాలన్నీ ఒక్కసారిగా చెల్లని కాగితాలయ్యాయి. నేరాంగీకారాన్ని పునాదిగా పెట్టి కట్టిన కేసు ఎంత బలహీనమో మీరు చదువుకునే రోజుల్లోనే తెలుసుకోవడం మంచిది. ముస్లిం యువకుల మీద పెట్టిన కేసుల్లో చాలావాటికి కూడా పునాది ఇదే. 2006 సెప్టెంబరు 8న మాలేగావ్‌లో శ్మశానవాటిక దగ్గర జరిగిన పేలుళ్ల కేసును చూడండి. అదే ఏటీఎస్ తొమ్మిది మంది ముస్లింలను అరెస్టు చేసి, నేరాంగీకారాలు సేకరించి, మకోకా కింద కేసు పెట్టింది. ఐదేళ్లు జైలులో ఉన్న తర్వాత 2011లో వారికి బెయిలు వచ్చింది. వారికి ఈ నేరంతో సంబంధం చూపే ఆధారం లేదని ఎన్‌ఐఏ చెప్పగా 2016లో కోర్టు వారి మీద అభియోగాలు కొట్టివేసింది. ఒకే పట్టణం, ఒకే పోలీసు విభాగం, రెండు వేర్వేరు మతాల ముద్దాయిలు, ఒకే పద్ధతి.

*ప్రశ్న: కర్కరేను 26/11 దాడుల ముసుగులో కావాలనే చంపారని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?*
(ఒక పాఠకుడు, వరంగల్)

2008 మాలేగావ్ కేసు దర్యాప్తు నడిపిన ఏటీఎస్ అధిపతి హేమంత్ కర్కరే, ఆయనతో పాటు పోలీసు అధికారులు అశోక్ కామ్టే, విజయ్ సలాస్కర్, 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో కామా ఆసుపత్రి దగ్గర లష్కరే తోయిబా ఉగ్రవాదుల తుపాకులకు బలయ్యారు. అజ్మల్ కసబ్ మీద జరిగిన విచారణలో ఇది రుజువైంది, 2012లో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. దీనికి భిన్నమైన కథలకు ఆధారం లేదు. మాలేగావ్ దర్యాప్తులో ఆయన తప్పు చేశారని నమ్మేవారు కూడా, ఆయన ఈ దేశ పౌరులను కాపాడబోయి ప్రాణమిచ్చారన్న విషయాన్ని గౌరవించాలి.

*ప్రశ్న: కాషాయ ఉగ్రవాదం అనే మాట వాడటం తప్పా? ఇస్లామిక్ ఉగ్రవాదం అని అందరూ రాస్తున్నప్పుడు దీనికి మాత్రం అభ్యంతరం ఎందుకు?*
(ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

ఈ మాట 2010 ఆగస్టులో అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం పోలీసు ఉన్నతాధికారుల సమావేశంలో వాడటంతో దేశమంతా పాకింది. 2013 జనవరిలో ఆయన తర్వాతి హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే ఒక పార్టీ సభలో ఇలాంటి మాటే అని, మరుసటి నెలలో విచారం వ్యక్తం చేశారు. నా అభిప్రాయం అడిగితే, ఆ మాట దర్యాప్తుకు చేసిన నష్టం చిన్నది కాదు. ముద్దాయిలు ఇంకా విచారణలో ఉండగానే, ఒక మంత్రి నోటి నుంచి వచ్చిన ఆ పేరు కేసును ఎన్నికల సభల్లోకి లాగింది. అప్పటి నుంచి ఒక పక్షం వారికి ప్రతి అరెస్టూ రాజకీయ కుట్రగా, మరో పక్షం వారికి ప్రతి విడుదలా రాజకీయ రక్షణగా కనిపించసాగింది. హౌజు దగ్గర చనిపోయినవారు ఈ రెండింటి మధ్యా కనిపించకుండా పోయారు.

కాషాయం మన ఊళ్లలో భిక్షకు వచ్చే సాధువు కట్టుకునే రంగు, కోట్ల మందికి పూజనీయమైన రంగు. ఆకుపచ్చ మరికొన్ని కోట్ల మందికి అంతే పూజనీయం. కాబట్టి మీ రెండో వాక్యంతో నాకు పేచీ లేదు. ఈ మాటకు అభ్యంతరం చెప్పేవారు ఆ మాటకూ అంతే గట్టిగా అభ్యంతరం చెప్పాలి. హిందూ జాతీయవాద సంస్థలతో సంబంధం ఉన్నవారిపై వచ్చిన ఉగ్రవాద ఆరోపణలు అని రాస్తే వాక్యం పొడవవుతుంది గానీ, ఎవరి మీద ఏ ఆరోపణ, అది తేలిందా లేదా అన్నది స్పష్టమవుతుంది. ఆరోపణ ఎదుర్కొన్నవారిలో కొందరికి రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌తో పూర్వ సంబంధం ఉన్నదన్నది దర్యాప్తు సంస్థల పత్రాల్లో ఉంది. ఈ నేరాలతో సంస్థకు సంబంధం లేదని సంఘ్ మొదటి నుంచీ చెబుతోంది. ఒక్క తీర్పు కూడా సంస్థను దోషిగా తేల్చలేదు.

*ప్రశ్న: ఈ కేసుల్లో ఒక్కరికి కూడా శిక్ష పడలేదా?*
(ఒక పాఠకుడు, ఒంగోలు)

పడింది. 2007 అక్టోబరు 11న ఇఫ్తార్ వేళ అజ్మీర్ దర్గాలో జరిగిన పేలుడు కేసులో జైపూర్ ప్రత్యేక న్యాయస్థానం 2017 మార్చిలో దేవేందర్ గుప్తా, భవేశ్ పటేల్‌లకు యావజ్జీవ శిక్ష విధించింది. చనిపోయిన సునీల్ జోషిని కూడా దోషిగా పేర్కొంది. అసీమానంద్‌ను, మరికొందరిని విడిచిపెట్టింది. భవేశ్ పటేల్‌కు 2018లో రాజస్థాన్ హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. జైపూర్‌లో శిక్ష పడిన దేవేందర్ గుప్తానే ఏడాది తర్వాత నాంపల్లిలో నిర్దోషి అయ్యారు. ఇందులో వైరుధ్యం లేదు. ప్రతి కేసు దాని సాక్ష్యం మీదే నిలవాలి. కానీ ఈ ఒక్క వాస్తవం, 'అంతా కట్టుకథే' అనేవారి మాటనూ, 'ఒక్కరికీ శిక్ష పడలేదు' అనేవారి మాటనూ ఒకేసారి కాదంటుంది.

*ప్రశ్న: మాది సిరిసిల్ల, భివండీలో మగ్గాల మీద బతుకుతున్నాం. ముంబయి రైలు పేలుళ్ల కేసులో హైకోర్టు అందరినీ వదిలేస్తే ప్రభుత్వం వెంటనే సుప్రీంకోర్టుకు పోయింది. మాలేగావ్ విషయంలో అలా ఎందుకు పోలేదు? బాధితులే పోవచ్చునా?*
(ఒక పాఠకుడు, భివండీ, మహారాష్ట్ర)

మీరు చెప్పిన రెండు తీర్పుల మధ్య వ్యవధి పది రోజులు. 2025 జూలై 21న, 2006 నాటి రైలు పేలుళ్ల కేసులో బొంబాయి హైకోర్టు 12 మందికి విధించిన శిక్షలను రద్దు చేసింది. ఆ పేలుళ్లలో చనిపోయినవారు 180 మందికి పైనే. మహారాష్ట్ర ప్రభుత్వం పరుగున సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఆ తీర్పును వేరే కేసుల్లో పూర్వ ప్రమాణంగా చూపకూడదన్న మేరకు స్టే తెచ్చుకుంది. అది సరైన పనే. వందల ప్రాణాలు పోయిన కేసులో పై కోర్టును అడగడం ప్రభుత్వ ధర్మం. అదే తొందర మాలేగావ్‌లో కనిపించకపోవడాన్ని మీరు ప్రశ్నించడమూ సరైనదే. మాలేగావ్ కేసు ఎన్‌ఐఏ చేతిలో ఉంది గనుక నిర్ణయం కేంద్రానిదన్న సాంకేతిక వివరణ ఉంది. సంఝౌతా కేసు చూస్తే ఆ వివరణ నన్ను తృప్తి పరచదు. 2007 ఫిబ్రవరి 18 రాత్రి పానీపత్ దగ్గర రైలు పెట్టెలు కాలి 68 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది పాకిస్తాన్ పౌరులు. 2019 మార్చి 20న పంచకుల కోర్టు నలుగురినీ విడిచిపెడుతూ, ఇంత ఘోరమైన హింస నమ్మదగిన సాక్ష్యం లేనందున శిక్ష లేకుండా మిగిలిపోతున్నదని తీవ్రమైన ఆవేదన వెలిబుచ్చింది. న్యాయమూర్తి అంత మాట రాసిన తర్వాత కూడా అప్పీలు పడలేదు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం అవును. 2009 చివరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, నిందితుడు విడుదలైతే బాధితుడు స్వయంగా అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. ఇప్పుడు అది నాగరిక్ సురక్షా సంహిత 413వ సెక్షన్‌లో ఉంది. అయితే ఎన్‌ఐఏ చట్టం కింద గడువు చాలా తక్కువ. తీర్పు తేదీ నుంచి 30 రోజులు, సరైన కారణం చూపితే గరిష్ఠంగా 90 రోజులు. మాలేగావ్ మృతుల కుటుంబాల్లో కొందరు 2025 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టుకు అప్పీలు చేశారు. రోజు కూలి మీద బతికే మరమగ్గాల కుటుంబాలు వెయ్యి పుటలకు పైబడిన తీర్పును పట్టుకుని ముంబయి వెళ్లి న్యాయవాదిని పెట్టుకోవడం ఏమిటో మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

*ప్రశ్న: చేయని నేరానికి ఏళ్ల తరబడి జైలులో ఉండి నిర్దోషిగా వచ్చినవారికి చట్టం ఏమైనా ఇస్తుందా?*
(ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

ఈ ప్రశ్న ఆనాటి హైదరాబాద్ యువకులకూ, మాలేగావ్ 2006 కేసులోని తొమ్మిది మందికీ, 2008 కేసులో విడుదలైన ఏడుగురికీ, రైలు పేలుళ్ల కేసులో పందొమ్మిదేళ్లు లోపల గడిపినవారికీ ఒకేలా వర్తిస్తుంది. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కేసులు వీగిపోయిన 20 మందికి 3 లక్షల చొప్పున, ప్రశ్నించి వదిలేసిన 50 మందికి 20 వేల చొప్పున ఇచ్చింది, సత్ప్రవర్తన పత్రాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కేసు నుంచి విడుదలైనంత మాత్రాన పరిహారం హక్కు కాదన్నది అందుకు కారణం. తప్పుడు ప్రాసిక్యూషన్‌కు గురైనవారికి పరిహారం ఇచ్చే చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం నేటికీ రాలేదు.

ఆ రోజుల్లో విడుదలైన ఒక యువకుడు కొన్నేళ్ల తర్వాత పాస్‌పోర్టు విచారణ విషయమై నా దగ్గరికి వచ్చాడు. కోర్టు తీర్పు చివరి పుటను ల్యామినేషన్ చేయించుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. మడత పడిన చోట ప్లాస్టిక్ తెల్లబారి, 'నిర్దోషి' అన్న మాట సగం కనిపించడం లేదు. ఎవరు ఆపి అడిగినా అదే తీసి చూపిస్తానన్నాడు. పరిహారం సంగతి అతనూ మీలాగే అడిగాడు. ప్రస్తుతం అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దీనికి దగ్గరగా ఉన్న నిబంధనల్లో ఒకటి 399వ సెక్షన్. తగిన కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయించారని మేజిస్ట్రేటుకు తోస్తే, అలా చేయించిన వ్యక్తి చేత అతనికి పరిహారం ఇప్పించవచ్చు. అది 1,000 రూపాయలు మించకూడదు.